నూట పన్నెండో పేజీ

నేను ఎవరి కూతురినో నాకు ఒక పుస్తకం చెప్పింది. అదీ జనం నవ్వుకోవడానికి రాసిన పుస్తకం. అందులో నూట పన్నెండో పేజీలో, గొర్రె తలకాయ ఎలా తినాలన్న సంగతికీ, మా దేశంలో మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉంటుందన్న సంగతికీ మధ్య నా పుట్టుక ఇరుక్కుని ఉంది.

పుస్తకం పేరు 'గుర్రం మీంచి పడకుండా కిర్గిజ్‌స్తాన్'. రాసినాయన పేరు ఫెర్గస్. మేము మాత్రం పొడుగాయన అనేవాళ్ళం. మా ఉన్ని గుడారం గుమ్మానికి ఆయన తల కొట్టుకోని రోజు లేదు. ముందటేడు వేసవిలో సోన్‌కుల్ సరస్సు ఒడ్డున ఉన్న మా మేత బయలుకి వచ్చాడు. రెండు రోజులుంటానని వచ్చి ఇరవై రెండు రోజులున్నాడు. నేను అప్పటికి నారిన్ పట్నంలో ఇంగ్లీషు చదువుకుంటున్నాను. సెలవులకి ఇంటికొచ్చి ఆయనకీ మావాళ్ళకీ మధ్య దుబాసీగా కూర్చున్నాను. మా నాన్న ఎసెన్‌కి సైన్యంలో ఉన్నప్పుడు నేర్చుకున్న రష్యన్ ముక్కలు కొన్ని వచ్చు, పొడుగాయనకీ కొన్ని వచ్చు. కాబట్టి మగవాళ్ళిద్దరూ గుర్రాల వెనక వెళ్ళినప్పుడు నా అవసరం ఉండేది కాదు. ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు మాత్రం నేను లేకపోతే ఒక్క మాట కదిలేది కాదు.

వెళ్ళేరోజు ఆయన మా అమ్మ బురుల్ రెండు చేతులూ పట్టుకుని, "మీ గురించి లోకానికి చెబుతాను" అన్నాడు. ఆ మాట అమ్మకి చెప్పింది నేనే. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న ఇంకో అడుగు ముందుకేసి, లోకం వస్తే ఎక్కడ పడుకోబెట్టాలన్న ఆలోచనలో పడ్డాడు. మరుసటి వేసవికి ఒక గుడారం అదనంగా వేశాడు.

లోకం నిజంగానే వచ్చింది.

జూన్ రెండో వారంలో, సరస్సు ఒడ్డున మంచు ఇంకా అక్కడక్కడ మిగిలి ఉండగానే, ఇద్దరు డచ్చి ఆడవాళ్ళు దిగారు. పెద్దావిడకి అరవై ఏళ్ళుంటాయి. చిన్నావిడ ఆమె కోడలట. గుర్రం దిగీ దిగకుండానే పెద్దావిడ నాన్నని చూసి, "ఎసెన్, ఎసెన్" అని పాత స్నేహితుణ్ణి పిలిచినట్టు పిలిచింది. నాన్న మురిసిపోయాడు. పదేళ్ళ కిందట తప్పిపోయిన బంధువు దొరికినంత హడావిడి చేశాడు.

"చూశావా, పేరు పెట్టి పిలుస్తోంది. మన పొడుగాయన మాట నిలబెట్టుకున్నాడు" అన్నాడు అమ్మతో.

"మాట నిలబెట్టుకున్నాడో, నీ పేరు నిలబెట్టాడో. ముందు వాళ్ళ సంచులు దింపు" అంది అమ్మ.

టీ పోసినప్పుడు ఆ ఇద్దరూ గిన్నెల్లోకి తొంగి చూసి, ఒకరినొకరు చూసుకుని కిసుక్కున నవ్వారు. మేము అతిథికి గిన్నె నింపి ఇవ్వం. సగం సగం పోస్తూ పదిసార్లు అందిస్తాం. నిండా పోస్తే ఇక లేవమన్నట్టు. అది పుస్తకంలో ఉందన్న సంగతి మాకేం తెలుసు.

"ఏం వెతుకుతోందే ఆవిడ? ఈగ పడిందా?" అని అమ్మ నన్నడిగింది.

మర్నాడు వెళ్ళేముందు పెద్దావిడ నన్ను దగ్గరికి తీసుకుంది. ఒకసారి అమ్మ వంక, ఒకసారి నా వంక చూసింది. కళ్ళు చెమ్మగిల్లాయి. "నువ్వు చాలా ధైర్యవంతురాలివి తల్లీ" అంది ఇంగ్లీషులో. నేను గుర్రాన్ని దౌడు తీయించడం చూసి అంటోందనుకున్నాను. అమ్మకీ అలాగే చెప్పాను. అమ్మ, "ఆవిడ దేశంలో గుర్రాలు లేవా ఏంటి" అంది.

వెళ్తూ వెళ్తూ ఆవిడ తన పుస్తకం నాన్న చేతిలో పెట్టింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని నాన్న ఆ పుస్తకాన్ని మూడు రోజులు కోటు జేబులో పెట్టుకుని గుర్రాల వెనక తిరిగాడు. దాని అట్ట మీద మా గుడారం బొమ్మ ఉంది. ఎదురైన ప్రతివాడికీ తీసి చూపించాడు. నాలుగో రోజు వాగు అవతలి నుంచి మా పెదనాన్న జపార్‌నీ, పెద్దమ్మ కలీపానీ పిలిపించాడు. పుస్తకం చదివి వినిపించే పని నాది.

మధ్యాహ్నం మూడింటప్పుడు అందరం గుండ్రంగా కూర్చున్నాం. గుడారం నెత్తిన తీసి ఉంచిన కంతలోంచి వెలుతురు సూటిగా పుస్తకం మీద పడుతోంది. అమ్మ కుమీజ్ కుండ ముందు పెట్టుకుని చిలుకుతూనే ఉంది. పులిసిన గుర్రపు పాలు కదా, ఊరుకుంటే ఊరుకోవు. పెద్దమ్మ ఎప్పటిలాగే గుమ్మం పక్కన, నాకు దూరంగా కూర్చుంది. నా బంధువుల్లో నన్ను ఒక్కసారి కూడా ముద్దుపెట్టుకోని మనిషి ఆవిడొక్కతే. నేనంటే గిట్టదనుకునేదాన్ని.

నేను ఇంగ్లీషు చదువుకుంటూ, అప్పటికప్పుడు మా భాషలోకి మార్చి చెబుతున్నాను. పొడుగాయన నిజంగా నవ్వించాడు. ఇక్కడ మనుషులు కలిస్తే ముందు గొర్రెల ఆరోగ్యం అడుగుతారు, తరవాత గుర్రాలది, ఆఖర్న టైముంటే మీది అని రాశాడు. కుమీజ్ మొదటి గిన్నె తాగితే కాలిన గోనెసంచి గుర్తొస్తుందనీ, ఐదో గిన్నెకి ఆ గోనెసంచి మీద ప్రేమ పుడుతుందనీ రాశాడు.

"గోనెసంచా? వాడి మొహం. రోజుకి పదిహేను గిన్నెలు తాగిపోయాడు" అంది అమ్మ నవ్వుతూ.

"అంటే ప్రేమ బాగా ముదిరిందన్నమాట" అన్నాడు పెదనాన్న.

అతిథి గౌరవార్థం తన చేతిలో పెట్టిన గొర్రె తలకాయ తనని జాలిగా చూసిందనీ, తానూ దాన్ని అంతే జాలిగా చూశాననీ రాసిన చోట నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. తాను చెప్పిన కథలు అచ్చులో ఉన్నాయని ప్రతి పేజీకీ ఆయన ఛాతీ ఒక అంగుళం పెరుగుతోంది. నేను పేజీ తిప్పాను. ఇలా ఉంది.

'ఈ దేశంలో మీకేదైనా నచ్చితే నచ్చిందని పైకి అనకండి, ఇచ్చేస్తారు. నేను ఒక టోపీని మెచ్చుకుని టోపీ, ఒక కొరడాని మెచ్చుకుని కొరడా మోసుకొచ్చాను. పిల్లల సంగతీ అంతే. మా ఎసెన్‌కి పిల్లలు లేరని అన్నగారు తన నాలుగో ఆడపిల్లని ఇచ్చేశాడు. ఎసెన్ బదులుగా ఒక ఎర్ర గుర్రాన్ని ఇచ్చాడు. గుర్రం మూడేళ్ళకే చచ్చిపోయింది, పిల్ల ఇంకా తింటూనే ఉంది, కాబట్టి ఈ బేరంలో ఎవరు గెలిచారో మీరే తేల్చుకోండి. నాకు ఇదంతా నవ్వుతూ చెప్పింది ఎసెనే. ఆ పిల్లే నాకు దుబాసీ. ఆమెకి ఈ సంగతి తెలియదు, మీరు వెళ్తే చెప్పకండి.'

మా దగ్గర ఇది వింత కాదు. అన్నదమ్ముల్లో ఒకరింట్లో ఉయ్యాల ఖాళీగా ఉంటే ఇంకొకరు బిడ్డనిస్తారు. ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఆ ఊసెత్తరు. బయలంతా తెలుసు, ఆ బిడ్డకి తప్ప. అలా పెరిగినవాళ్ళు మా చుట్టుపక్కల నలుగురైదుగురున్నారు. వాళ్ళు అటు తిరగ్గానే వాళ్ళ గురించి గుసగుసలాడినవాళ్ళలో నేనూ ఉన్నాను. నేను అటు తిరిగినప్పుడు ఏం జరిగేదో ఏనాడూ ఆలోచించలేదు.

"ఆగిపోయావేంటమ్మా?" అంది అమ్మ.

"పేజీలు అతుక్కుపోయాయి."

"జిడ్డు చేతులతో పట్టుకుని తిరిగింది నువ్వే కదా" అని అమ్మ నాన్నని దెప్పింది.

నేను వేలితో పేజీ విడదీస్తున్నట్టు నటించాను. తరవాత, "మన మరుగుదొడ్డి దాకా నడిచి వెళ్ళేసరికి వచ్చిన పనేంటో మర్చిపోయేవాణ్ణి అని రాశాడు" అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. పెద్దమ్మ కూడా తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కొంగు పట్టుకున్న ఆ చేతిని చూశాను. బొటనవేలి గోరు వెడల్పుగా, పలకలా ఉంటుంది. నాదీ అంతే. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న చెయ్యే అది.

నాన్న కూడా నవ్వుతున్నాడు. అందరికన్నా గట్టిగా.

ఆ రోజు మిగతా పుస్తకమంతా చదివాను. ఒక్క తప్పు లేకుండా చదివాను, అందరినీ నవ్వించాను. నా లోపల ఏం జరిగిందో సూటిగా చెప్పాలంటే ఇదీ: నన్ను ఇచ్చేసినందుకు నాకు అంత బాధ వెయ్యలేదు. తెచ్చుకున్నందుకూ వెయ్యలేదు. అమ్మ పందొమ్మిదేళ్ళు కడుపులో దాచుకున్న మాటని, నా దగ్గర దాచమని బయల్లో అందరి దగ్గరా ఒట్టు వేయించుకున్న మాటని, నాన్న ఒక దారిన పోయేవాడికి నవ్వులాటకి చెప్పాడు. గుర్రం చచ్చిపోయింది, పిల్ల ఇంకా తింటూనే ఉంది. ఆ వేసవంతా అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ మాట చెవిలో పడేది. ఇక అమ్మకి ఈ సంగతి తెలియకూడదు. నాకు తెలిసిపోయిందని తెలిస్తే అమ్మ నిలువునా కూలిపోతుంది. భర్త నోటి నుంచి బయటపడిందని తెలిస్తే ఇంకేమీ మిగలదు. ఆ ఒక్కటీ జరక్కుండా చూడాలనుకున్నాను.

అనుకోవడం తేలిక. ఆ పుస్తకం మా ఇంట్లో ఒక్కటే ఉంది గానీ, వచ్చే ప్రతి సంచిలోనూ ఇంకోటి ఉండేది. 'చెప్పకండి' అని రాశాడు కదా, అందుకని అందరూ చెప్పాలని చూసేవాళ్ళు.

స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాల్లో మొగుడు అమ్మ ముందే నన్ను చూపించి, "గుర్రానికి బదులిచ్చిన అమ్మాయి ఈమేనా?" అని అడిగాడు.

"ఏమంటున్నాడే?" అంది అమ్మ.

"నీ రొట్టెలు బావున్నాయట."

"అయితే ఇంకో రెండు పెట్టు, మొహమాటపడుతున్నాడేమో."

పాపం, ఆయన ఇంకో రెండు తిన్నాడు. నేను ఇంగ్లీషులో, "ఆ అమ్మాయి కిందటేడు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది, నేను జీతానికి పనిచేస్తున్నాను" అన్నాను. ఆయన నిరాశపడ్డాడు. అలా ఆ వేసవి నేను రెండు వైపులా అబద్ధాలాడే దుబాసీనయ్యాను. అటువాళ్ళకి ఇటువాళ్ళ మాట చేరలేదు, ఇటువాళ్ళకి అటువాళ్ళ మాట చేరలేదు. అందరూ నా ఇంగ్లీషుని మెచ్చుకున్నారు.

జులై ఆఖర్న వచ్చిన జర్మన్ ముసలాయన దగ్గర మాత్రం ఆ అబద్ధం పారలేదు. ఆయన దగ్గరున్నది కొత్తగా మళ్ళీ అచ్చేసిన పుస్తకం, అందులో నా ఫొటో కూడా వేశారు. చాలా మర్యాదస్తుడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, "మీకు అభ్యంతరం లేకపోతే మీ ఇద్దరు అమ్మలతో కలిపి ఒక ఫొటో తీసుకుంటాను" అన్నాడు. అప్పుడే పెద్దమ్మ పెరుగు ఇవ్వడానికి వచ్చి ఉంది.

"ఏంటట?" అంది అమ్మ.

"మన ముగ్గురికీ ఫొటో తీస్తాడట. తోటికోడళ్ళు ఇంత కలివిడిగా ఉండటం వాళ్ళ దేశంలో చూడలేదట."

"అక్కా, రా మరి. మన కలివిడి జర్మనీ దాకా పోతోంది" అని అమ్మ పెద్దమ్మని చెయ్యి పట్టుకుని లాగింది. నన్ను మధ్యలో నిలబెట్టారు. అమ్మ నా నడుం చుట్టూ చెయ్యి వేసింది. పెద్దమ్మ చెయ్యి నా భుజం దాకా వచ్చి, తాకకుండా అక్కడే గాల్లో ఆగిపోయింది. ముసలాయన ఫొటో తీసేంతవరకూ ఆ చెయ్యి అలాగే ఉంది. నేను కళ్ళు తుడుచుకున్నాను. ఎండ కంట్లో పడుతోందన్నాను.

ఆ మూడు నెలలూ నాన్నతో నేను సరిగ్గా మాట్లాడలేదు. అంతకుముందు పాలు పితికేటప్పుడు గుర్రప్పిల్లని తల్లి దగ్గర పట్టుకునే పని మా ఇద్దరిదీ. ఆయన పట్టుకుంటే నేను కబుర్లు చెప్పేదాన్ని, నేను పట్టుకుంటే ఆయన చెప్పేవాడు. ఆ వేసవిలో ఆయన వస్తే నేను నీళ్ళకి వెళ్ళేదాన్ని. నా జీను పట్టీ తెగితే ఆయన కొత్త తోలు వేసి కుట్టి తెచ్చాడు. నేను నడిచే వెళ్తానన్నాను.

"ఏం చేశానమ్మా నేను?" అన్నాడు ఒకరోజు, జీను భుజాన వేసుకుని అలాగే నిలబడి.

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే పలకవే? పట్నంలో చదువుకున్నాక నాన్నలు వాసనేస్తారా?"

నాకు చిరాకెత్తింది. "నీకు కబుర్లు చెప్పడానికి మనుషులు కావాలంటే అదిగో, గుడారం నిండా ఉన్నారు. రష్యన్‌లో చెప్పుకో" అన్నాను.

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. జీను తీసుకెళ్ళి నా గుర్రం పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. వెనక నుంచి చూస్తే ముసలివాడిలా కనిపించాడు. జాలి వేసింది, వెంటనే ఆ జాలి మీద కోపం వచ్చింది.

ఆగస్టు ఆఖరి వారంలో, ఇక సామాను సర్దుకుని కిందికి దిగే ముందు, పొడుగాయన వచ్చాడు.

చెప్పాపెట్టకుండా వచ్చాడు. నాన్నకి చేతిదీపం, అమ్మకి సిల్కు గుడ్డ తెచ్చాడు. గుమ్మానికి తల కొట్టుకున్నాడు. అమ్మ అది చూసి, పాత చుట్టం పాత అలవాటు మర్చిపోలేదని సంబరపడింది. నాన్న సరాసరి మంద దగ్గరికి వెళ్ళి మంచి గొర్రెని పట్టుకొచ్చాడు. వాగు అవతలికి కబురెళ్ళింది. పెదనాన్న, పెద్దమ్మ వచ్చారు. నేను ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. ఆ పని ఉన్నందుకు నా కళ్ళని ఎవరూ పట్టించుకోలేదు.

మాంసం ఉడికాక అందరం కూర్చున్నాం. గొర్రె తలకాయ పళ్ళెం పొడుగాయన ముందు పెట్టారు. అప్పుడే ఆయన చూపు పెట్టె మీద పేర్చిన బొంతల దగ్గర ఆగింది. నాన్న పుస్తకాన్ని బొంతల పైన, అందరికీ కనబడేలా నిలబెట్టాడు. పొడుగాయన చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది.

"ఈ పుస్తకం ఇక్కడిదాకా వస్తుందని నేననుకోలేదు" అన్నాడు నాతో ఇంగ్లీషులో, మెల్లిగా.

"వచ్చింది."

"నువ్వు... మొత్తం చదివావా?"

"నూట పన్నెండో పేజీతో సహా."

ఆయన ముఖం ఎర్రబడింది. అయినా పెదాల మీద నవ్వు పోలేదు. చుట్టూ జనం చూస్తున్నప్పుడు ఆయన నవ్వు పోదు. "ఈపాటికి వాళ్ళే నీకు చెప్పి ఉంటారనుకున్నాను. కోపం రాలేదు కదా?" అన్నాడు.

నేను మూడు నెలలుగా అడగాలనుకున్నది ఒక్కటే. "మా నాన్న ఆ గుర్రం మాట చెప్పి నవ్వినప్పుడు మీరిద్దరూ ఎక్కడున్నారు?"

ఆయన తలకాయ పళ్ళెం వంక చూస్తూ, "నవ్వలేదు" అన్నాడు. "గుర్రాల దగ్గరున్నాం. ఆయన ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. నిజం తెలిస్తే నువ్వు తనని వదిలి వెళ్ళిపోతావని భయమట. గుర్రం చచ్చిపోయిందన్నది నేను కల్పించాను. అది సరదా పుస్తకం కదా. ఏడుపు అక్కడ నప్పదు."

ఎదురుగా నాన్న కూర్చుని ఉన్నాడు. గడ్డానికి కొవ్వు అంటుకుని మెరుస్తోంది. పొడుగాయన పెదాల మీది నవ్వు చూసి తానూ నవ్వుతున్నాడు, ఏదో మంచి కబురే అయి ఉంటుందన్న ధీమాతో.

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు.

నా దగ్గర అబద్ధం సిద్ధంగానే ఉంది. మాంసం బాగా ఉడికిందంటున్నాడు అంటే సరిపోయేది. ఆ వేసవిలో అలాంటివి వందకి పైగా చెప్పాను. ఆ పూట నోరు రాలేదు.

"నన్ను పెద్దమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్న సంగతి నువ్వు ఈయనకి చెప్పావంట నాన్నా. చెబుతూ ఏడ్చావంట."

నాన్న నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. తరవాత నెమ్మదిగా, నాకు కాదు, అమ్మకి చెప్పుకున్నాడు.

"ఆయనకి పిల్లల్లేరన్నాడు, బురుల్. ఒకడు పుట్టి పోయాడట. ఆయనా ఏడ్చాడు. ఆయన తన సంగతి చెప్పుకుంటే... నేనూ చెప్పాను. ఇద్దరం మగాళ్ళం, చుట్టూ ఎవరూ లేరు. పరాయి దేశపువాడు, తీసుకెళ్ళిపోతాడు కదా అనుకున్నాను."

"ఆయన సంగతి పుస్తకంలో లేదు నాన్నా" అన్నాను.

ఆయన బొంతల మీది పుస్తకాన్ని చూశాడు. వేసవంతా ఎదురైన ప్రతివాడికీ చూపించిన పుస్తకం. "మరి నాది ఉందా?" అన్నాడు.

"ఉంది. నవ్వుకోవడానికి రాశాడు."

నాన్న తల వంచుకున్నాడు. నన్ను మోసం చేశాడని మూడు నెలలు ఆయన మీద పగబట్టాను. కుట్టి తెచ్చిన జీను పట్టీని కూడా ముట్టుకోలేదు. మోసపోయింది ఆయన. అయినా, నాకు చెప్పలేని మాట దారిన పోయేవాడికి చెప్పగలిగాడన్న ముల్లు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే నేనూ పొడుగాయనలా రాసినట్టే.

అమ్మ గరిటె కింద పెట్టింది. ఆమె కూలిపోతుందని నేను ఎన్ని పొద్దులు వణికానో. అమ్మ గొంతు మామూలుగానే ఉంది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"జూన్ నుంచి."

"ఆ ముసలాయన ఫొటో తీసినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

గుమ్మం దగ్గర పెద్దమ్మ లేచింది. ముఖం పాలిపోయి ఉంది. ఇచ్చినవాళ్ళ ముందు ఆ మాట వస్తే వాళ్ళు లేచి వెళ్ళిపోవడమే మా మర్యాద. అమ్మ చెయ్యి చాచి ఆవిడ గౌను అంచు పట్టుకుంది.

"కూచో అక్కా. నువ్వు లేచి వెళ్తే ఆయన అదీ రాసుకుంటాడు."

పెద్దమ్మ కూర్చుంది. ఈసారి గుమ్మం దగ్గర కాదు, మా పక్కన. అమ్మ పొడుగాయన వైపు తిరిగింది. ఆయన అందరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఆయనకి చెప్పమ్మా. దీన్ని కన్నది ఈవిడ. పెంచింది నేను. ఈ మాట అనే హక్కు మా ఇద్దరికే ఉంది. ఆ హక్కున్న మేమే పందొమ్మిదేళ్ళు అనలేదు. నా పెనిమిటి కంటి నీళ్ళు ఆయనకి నవ్వులాటయ్యాయట, సరే. ముందు తినమను. చేతిలో తలకాయ ఉండగా అతిథిని లేపిన ఇల్లు కాదిది. తినడం అయ్యేసరికి గుర్రానికి జీను కట్టి ఉంటుందని చెప్పు. మళ్ళీ ఇటు రావద్దని చెప్పు."

నేను ఒక్క మాట కూడా మార్చకుండా ఇంగ్లీషులో చెప్పాను. కంటి నీళ్ళ దగ్గర కూడా గొంతు తడబడలేదు.

పొడుగాయన కత్తి పళ్ళెంలో పెట్టాడు. అమ్మ వంక చూశాడు. అమ్మ ఎప్పటిలాగే ఆయన గిన్నెలో పులుసు పోస్తోంది. ఆయన నా వైపు వంగి, ఆశగా, "మీ అమ్మగారు ఇదంతా సరదాకే అంటున్నారు కదూ?" అని అడిగాడు.

ఆ ప్రశ్న అమ్మకి చెప్పలేదు.

"తినండి" అన్నాను.